45 డాలర్ల బంగాళాదుంప

విహార నౌకల యజమానులకు, వాటిలో వంటశాలలు నడిపే పెద్దలకు, ఆ టిక్కెట్లు కొనిపెట్టే కొడుకులకూ కోడళ్ళకూ విరుదునగర్ జిల్లా రాజపాళయం వాస్తవ్యుడు, నూలుమిల్లులో లెక్కలు రాసి రిటైరైన గృహస్థు, ఇంటిపన్ను ఏనాడూ ఆలస్యం చేయనివాడు వ్రాసుకునే ఫిర్యాదు ఏమనగా:

ఓడలో మాకు ఆకలి వేయలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ముసలాయన తిండి చాలక గోల పెడుతున్నాడని అనుకుంటారు. తెల్లవారి కళ్ళు తెరిచినప్పటి నుంచి మళ్ళీ మూసేవరకూ ఆ ఓడలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉన్నారు. నా ఫిర్యాదు పెట్టని తిండి గురించి కాదు. పెట్టిన తిండిని తిననివ్వకుండా చేసిన పద్ధతి గురించి.

మావాడిది సింగపూర్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ చూపించి వెనక్కి తీసుకొచ్చే ఓడ ఒకటి ఎక్కించాడు. ఏ కంపెనీదో చెప్పను. పరువునష్టం దావా ఖర్చు టిక్కెట్టులో కలిసి లేదు. నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, అయిదేళ్ళ మనవడు. మదురైలో విమానం ఎక్కేటప్పుడు మావాడు ఫోనులో చెప్పిన మాట ఇదీ: "నాన్నా, మీరు పర్సు తీయక్కర్లేదు. తిండి, పడక అన్నీ టిక్కెట్టులోనే ఉన్నాయి."

ఉన్న మాటే. పైఅంతస్తులో బఫే ఉంది. పొద్దున్నే ఇడ్లీ కూడా పెట్టాడు. సాంబారు కొంచెం తీపిగా ఉంది గానీ సముద్రం మధ్యలో సాంబారుకు వంకలు పెట్టేవాడికి పుట్టగతులుండవు. కింది అంతస్తులో పెద్ద భోజనశాల. పెళ్ళిమంటపం కన్నా ఎత్తు, పైనుంచి వేలాడే దీపాలు, తెల్లటి మేజాగుడ్డలు, ఒక్కొక్కరి ముందూ ఎన్నో చెంచాలు. మాకో బల్ల కేటాయించారు. రోజూ అదే బల్ల, అదే వేళ, అదే వెయిటరు. ఫిలిప్పీన్స్ కుర్రాడు. మొదటి రాత్రే మా మనవడికి టొమాటో సూప్ అంటే ఇష్టమని కనిపెట్టి, రెండోసారి అడగకుండానే తెచ్చాడు. ముందు తినేవి రెండు అడిగినా, అసలు వంటకాలు రెండు అడిగినా కాదనలేదు. మా ఆవిడ శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా సీలు తీయని పెట్టె ఒకటి వెంట తెచ్చింది. కుర్రాడి మంచితనానికి మెచ్చి దాన్ని అతని చేతిలో పెట్టేసింది. ఒక గృహస్థు సుఖంగా ఉండడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదనం కావాలట.

అయిదో అంతస్తులో నడుస్తుంటే నల్లటి చెక్క తలుపు ఒకటి కనపడుతుంది. పక్కనే గాజు గోడ. లోపల దీపాలు మసక మసకగా, కరెంటు బిల్లుకు భయపడే ఇల్లులా. తలుపు ముందు నల్ల కోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో పలక లాంటి కంప్యూటరు. ఆ గదిలో తినాలంటే టిక్కెట్టుకు పైన మరో 45 డాలర్లు, తలకు. అక్కడ స్టేకులు వేస్తారట. దాని పక్కన జపాన్ వంటకాల గది, అవతల ఇటలీ వంటకాల గది. అన్నిటికీ వేరే సొమ్ము. మేము ఆ తలుపు ముందు నుంచి ప్రతిసారీ నడిచే వెళ్ళాలి, ఎందుకంటే లిఫ్టు అటుపక్కే పెట్టారు. ఈ ఓడ నమూనా గీసినవాడు మామూలువాడు కాడు.

ఇక్కడి నుంచి మా భోజనంలో చీడ పట్టింది. మొదటి రాత్రి పెద్ద భోజనశాలలో మా కోడలు గొర్రెమాంసం కూర తింటూ, "బాగానే ఉంది మామయ్యా, కానీ అక్కడ ఎలా ఉంటుందో" అంది. మరునాడు మధ్యాహ్నం బఫేలో మావాడు, "రోజూ ఫ్రీ తిండేనా" అన్నాడు. ఫ్రీ ఎక్కడిదిరా? తలకింత అని టిక్కెట్టు డబ్బు కట్టావు, అందులో ఈ కూరా ఉంది, ఈ దీపాలూ ఉన్నాయి, ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడి జీతమూ ఉంది. మాది 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు మిల్లు పెట్టినప్పటి నుంచి నూలుతో బతుకుతున్న ఊరు. బేలు విప్పిన పత్తిలో ఎంత శాతం నూలైంది, ఎంత వేస్టుగా పోయింది అని సాయంత్రానికి లెక్క తేలకపోతే మాకు ముద్ద దిగదు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడు, కట్టేసిన సొమ్ముకు వచ్చిన భోజనాన్ని ధర్మభోజనంలా మాట్లాడుతుంటే తండ్రికి ఎలా ఉంటుంది?

రెండో రాత్రి ఆ నల్ల తలుపు మా కోసం తెరుచుకుంది. ముందే బుక్ చేసుకుంటే తగ్గింపు ఉండేదట. ఓడ ఎక్కాక తగ్గింపు లేదు. ఆరోజు శనివారం. మా ఆవిడ పెరుమాళ్ళ పేరు చెప్పి శనివారాలు నీచు ముట్టదు. అదే సంగతి వెయిటరుతో చెప్పాం. ఈసారి వెయిటరు తెల్ల చేతిగుడ్డ మడిచి ముంజేతి మీద వేసుకున్నవాడు. ఎంతో దయగా తల ఊపాడు. పుస్తకమంత మెనూ ఇచ్చాడు. అందులో మూడు వంతులు ఆవుమాంసమే. మా ఇంట్లో అది పనికిరాదు. మిగిలినవాటిలో కోడి ఒకటి, చేప ఒకటి, రొయ్యలు. మావాడూ కోడలూ రొయ్యలు, నేను కోడి. మా ఆవిడకు మిగిలింది పక్కవంటకాల పేజీ.

ఆ పళ్ళెం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. చెక్కు తీయని బంగాళాదుంప ఒకటి, పిడికిలి కన్నా కాస్త పెద్దది. దాన్ని రేకు కాగితంలో చుట్టి కాల్చి, పైన అడ్డంగా గీత పెట్టి, నొక్కి, నోరు తెరిపించారు. తెరిచిన నోట్లో పుల్లటి చిక్కటి పెరుగు. దాని మీద సన్నగా తరిగిన ఉల్లికాడలు. పక్కన చిన్న గిన్నెలో పాలకూర ముద్ద, ఇంకో గిన్నెలో వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. మా ఆవిడ చెంచాతో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేదండీ" అంది. అంతే. ఉప్పు అడిగితే వెయిటరు ఉప్పుగల్లు తిప్పే చెక్క యంత్రం తెచ్చి, ఎంత కావాలో చెప్పమన్నాడు. అదీ చాలా గౌరవంగానే.

ఆ వేళకు మనవడు నిద్రకు వచ్చేశాడు. ఆ వయసు పిల్లలకు ఛార్జీ లేదన్నది ఒక్కటే ఆ రాత్రి నాకు దక్కిన ఊరట. వాడు వేయించిన బంగాళాదుంప పుల్లలు తిన్నాడు. పైఅంతస్తులో అవే పుల్లలు, అదే ఓడలో, పొద్దున్న నుంచి ఊరికే పోస్తున్నారు.

బిల్లు రాలేదు. బిల్లు రాకపోవడమే ఓడల విద్య. గది తాళంగా ఇచ్చిన కార్డు చూపిస్తే చాలు, అంతా దాని ఖాతాలో పడుతుంది. కాగితం నోటు చేతులు మారితే మనిషికి చిన్న నొప్పి పుడుతుంది. ఆ నొప్పి పుట్టకుండా చేయడానికే ఈ కార్డు. కానీ లెక్కలు రాసినవాణ్ణి కార్డు మోసం చేయలేదు. తలకు 45, నలుగురికి 180. దాని మీద నూటికి 18 చొప్పున సర్వీసు ఛార్జీ, 32 డాలర్ల 40 సెంట్లు. మొత్తం 212 డాలర్ల 40 సెంట్లు. ఆరోజు డాలరు 86 రూపాయలు. 18,000 రూపాయలు దాటింది. ఇవి చేతి రుమాలు మీద వేసిన లెక్కలు. ఆ రుమాలు గుడ్డది కావడం చేత ఉతికేవాళ్ళకు కష్టం కలిగి ఉంటే క్షమించాలి.

ఇప్పుడు అసలు అన్యాయం వినండి. అదే సమయానికి, రెండంతస్తుల కింద, పెద్ద భోజనశాలలో మా బల్ల ఖాళీగా ఉంది. మా నలుగురి సూపు, మా నలుగురి కూర, మా నలుగురి తీపి అక్కడ మా పేర ఖర్చు రాసేసి ఉన్నాయి. మరునాడు ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడు, "నిన్న రాత్రి మీ కోసం చూశాను సార్, మామిడిపండుతో తీపి చేశారు" అన్నాడు. మా ఆవిడ ముఖం చూడాలి. మామిడిపండ్ల ఊరి నుంచి వెళ్ళినదానికి, సముద్రం మీద మామిడి తీపి పోగొట్టుకుని, ఉప్పులేని దుంప తినడమంటే! ఒక్కొక్కరికి ఒక్క కడుపే ఇచ్చాడు దేవుడు. ఆ ఒక్క కడుపుకు ఒకే రాత్రి రెండు భోజనాల సొమ్ము వసూలైంది. ఆడిట్‌లో ఇలాంటి పద్దు కనిపిస్తే మా రోజుల్లో మేనేజరును నిలబెట్టి అడిగేవారు.

ఊరికి వచ్చాక, ఈ అదనపు తలుపు ఎవడి పుర్రెలో పుట్టిందా అని కళ్ళజోడు తుడుచుకుని చదివాను. పుట్టింది 1905లో. హాంబర్గ్-అమెరికా లైన్ అనే జర్మన్ ఓడల కంపెనీకి ఆల్బర్ట్ బాలిన్ అధిపతి. లండన్‌లో కార్ల్‌టన్ హోటల్లో భోంచేసి మురిసిపోయి, అలాంటిదే సముద్రం మీద పెట్టాలనుకున్నాడు. సీజర్ రిట్జ్‌తో మాట్లాడుకున్నాడు. వంటగది సంగతి ఎస్కాఫియే చూసుకున్నాడు. అమెరికా అనే పేరుగల తన కంపెనీ ఓడలో, మామూలు భోజనశాలకు తోడు, వేరే డబ్బు కట్టి కోరినది తినే గది వెలిసింది. ఇంగ్లీషు కంపెనీలు ఊరుకుంటాయా? వైట్ స్టార్ వాళ్ళు ఒలింపిక్‌లో ఒకటి, టైటానిక్‌లో ఒకటి పెట్టారు.

టైటానిక్ మొదటి తరగతి భోజనశాలలో 1912 ఏప్రిల్ 14 రాత్రి ఏం వడ్డించారో జాబితా మిగిలే ఉంది. ఆయిస్టర్లు, సాల్మన్ చేప, కోడి, గొర్రెమాంసం, బాతు, కాల్చిన పావురం, పీచ్ పళ్ళ తీపి. ఇదంతా టిక్కెట్టులో కలిసినదే. ఇది తిని మనిషి లేచి నడవడమే గొప్ప. అయినా అదే రాత్రి, రెండంతస్తుల పైన, వేరే సొమ్ము కట్టే రెస్టారెంటులో ఫిలడెల్ఫియా కోటీశ్వరులు వైడనర్ దంపతులు కెప్టెన్ స్మిత్‌కు విందు ఇచ్చారు. కింద బాతు దొరక్క వాళ్ళు పైకెక్కారా? కింద మొదటి తరగతి వాళ్ళు వందల మంది ఉన్నారు. పైన కొద్దిమందే. ఆ గదిలో అమ్మింది తిండి కన్నా ఎక్కువగా ఆ ఎడాన్ని. నూరేళ్ళు దాటినా సరుకు మారలేదు, ధర పట్టీయే మారింది.

ఆ రెస్టారెంటు నడిపింది లుయీజీ గాట్టీ అనే ఇటాలియన్. పనివాళ్ళు అరవై మందికి పైగా, చాలామంది ఇటలీ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు. ఓడ మునిగిన రాత్రి వాళ్ళలో బతికి బయటపడింది ముగ్గురే. గాట్టీ కూడా పోయాడు. పళ్ళేలు మోసినవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఆనాడూ ఈనాడూ.

నన్ను కుర్చీలోంచి లేపిన సంగతి మాత్రం ఇంకొకటి ఉంది. వైట్ స్టార్ వాళ్ళు, మేము రెస్టారెంటులోనే తింటాం, టిక్కెట్టులో భోజనం వద్దు అన్నవాళ్ళకు ఛార్జీలో కొంత తగ్గించేవాళ్ళట! చూశారా? అంత గర్వపోతు కంపెనీకి కూడా, ఒక కడుపుకు రెండు భోజనాల సొమ్ము తీసుకోవడం మర్యాద కాదని తోచింది. నేను ఎక్కిన ఓడకు తోచలేదు.

మేము తిరిగిన నీళ్ళు మనవాళ్ళకు కొత్తవేమీ కావు. 1926లో కట్టిన రజూలా అనే ఓడ దాదాపు అర్ధశతాబ్దం మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ మధ్యనే తిరిగింది. డెక్ మీద వేల మంది. చాప పరిచినంత మేర ఎవరి జాగా వాళ్ళది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళిన తెలుగువాళ్ళదీ అదే తీరు. ఆ రోజులు మంచివని నేననను. ఎండ, వాన, వాంతులు, రేవులో డాక్టరు పరీక్షలు. వాళ్ళకు కష్టాలు బోలెడు గానీ, ఈ పూట ఏ గదిలో తిందాం, అక్కడ తినకపోతే ఊళ్ళో ఏమనుకుంటారు అన్న బాధ ఒక్కటి తక్కువ.

ఇక విహార నౌకల్లో చాలాకాలం పద్ధతి ఏమిటంటే ఒక భోజనశాల, ఒక వేళ, ఒక బల్ల. 1990లో క్రిస్టల్ హార్మనీ అనే ఓడలో పెద్ద భోజనశాల కాక, ఇటలీ వంటకాలకూ జపాన్ వంటకాలకూ మరో రెండు రెస్టారెంట్లు పెట్టారు. వాటికి వేరే ఛార్జీ వేయలేదు. అంటే వేయకుండా నడపవచ్చునని వీళ్ళకు తెలుసు! 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వాళ్ళు, బల్లా లేదు వేళా లేదు, ఇష్టమొచ్చిన చోట తినండి అని స్వేచ్ఛ ప్రకటించారు. ఎక్కడ స్వేచ్ఛ పుట్టిందో అక్కడ ధర పట్టీ కూడా మొలిచింది. ఇవాళ పెద్ద కంపెనీల జమాఖర్చులు తిరగేస్తే, వచ్చే రాబడిలో మూడో వంతు దరిదాపు, మనం ఓడ ఎక్కాక మన చేత ఖర్చు పెట్టించినదే. మద్యం, జూదం, రేవుల్లో షికార్లు, ఇదిగో ఈ దుంపలు. టిక్కెట్టు అంటే లోపలికి రానివ్వడం. బేరం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇంకో చిన్న దొంగదెబ్బ ఉంది. పెద్ద భోజనశాలలోనే మెనూ కింది భాగంలో, సన్నటి గీత కింద మూడు వంటకాలు. పెద్ద రొయ్య లాంటి లాబ్‌స్టర్ ఒకటి, స్టేకులు రెండు. వాటి పక్కన చీమంత అంకె. అది కేలరీల లెక్కేమో అనుకుంది మా ఆవిడ. డాలర్లు. డబ్బు కట్టి లోపలికొచ్చిన ఇంట్లో మళ్ళీ గది గదికీ టోల్‌గేటు!

మా ఊళ్ళో రాత్రిపూట పరోటా కొట్టుకు వెళ్ళండి. బల్ల మీద విస్తరాకు. పరోటాను రెండు చేతులతో చించి, దాని మీద సాల్నా అనే పలుచటి కారం పులుసు పోస్తాడు. సాల్నాకు డబ్బు లేదు. అయిపోతే బకెట్టు పట్టుకుని మళ్ళీ వస్తాడు, మళ్ళీ పోస్తాడు. మాంసం వేపుడు చుక్కా, ఆమ్లెట్టు, మెత్తటి గుడ్డు కలక్కి కావాలంటే వాటికి వేరే. అదనం అక్కడా ఉంది, లేదనను. కానీ మటన్ చుక్కా చెప్పినవాడూ, ఉత్త సాల్నాతో సరిపెట్టుకున్నవాడూ ఒకే బల్ల మీద మోచేతులు తగిలేలా కూర్చుంటారు. బకెట్టు ఇద్దరి దగ్గరికీ వస్తుంది. చుక్కా తినేవాడికి నల్ల చెక్క తలుపు పెట్టి, సాల్నావాడు దాని ముందు నుంచే నడిచి వెళ్ళేటట్లు దారి వేస్తే, మా ఊళ్ళో ఆ కొట్టు నెల తిరక్కుండా మూతపడుతుంది.

నిజమేమిటంటే కొట్టు మూతపడదేమో. మనుషులు మారారు. ఊరికి రాగానే మా బావగారు వచ్చారు. పెనాంగ్ ఎలా ఉందని అడగలేదు. సముద్రం గురించి అడగలేదు. "ఆ స్పెషల్ రెస్టారెంటులో తిన్నారటగా? ఫోటో చూశా" అన్నారు. కోడలు పెట్టిన ఫోటో. అందులో దుంప లేదు. మసక దీపం, రొయ్యలు, తెల్ల చేతిగుడ్డ వెయిటరు మాత్రమే ఉన్నారు. మూడు రాత్రుల్లో రెండు రాత్రులు మేము హాయిగా తిన్న పెద్ద భోజనశాల ఫోటో ఒక్కటీ లేదు. టిక్కెట్టులో కలిసిన కూర ఎంత రుచిగా ఉన్నా చెప్పుకోవడానికి పనికిరాదు. బావగారు వచ్చే ఏడు తామూ వెళ్తారట. ఆ గది ముందే బుక్ చేస్తారట. తగ్గింపు ఎంతో కనుక్కోమన్నారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసి, తన సొంత ఇంటినే గాంధీ కళామంద్రానికి ఇచ్చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారి ఊరు మాది. ఆ ఊళ్ళో ఇప్పుడు చర్చ, తలకు 45 డాలర్లా, ముందే కడితే ఎంతా అని.

కాబట్టి నా విన్నపం ఏమనగా: అదనపు గదులు మూసేయమని నేను అడగను. కావలసినవాళ్ళు తింటారు. వాళ్ళ రొయ్యలు వాళ్ళవి. లిఫ్టు దారి మార్చమంటున్నాను. శనివారం దుంప తినేవాళ్ళకు దుంప ధరే వేయమంటున్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ రాత్రి మేము నల్ల తలుపు లోపల తిన్నామో ఆ రాత్రి కింద మా బల్ల మీద మిగిలిపోయిన నాలుగు సూపులు, నాలుగు కూరలు, నాలుగు మామిడి తీపులకు సరిపడా సొమ్ము, వైట్ స్టార్ వారి సంప్రదాయాన్ని అనుసరించి, తిరిగి ఇప్పించవలసింది. డాలర్లలో వీలు కాకపోతే రూపాయల్లో ఇచ్చినా అభ్యంతరం లేదు. మనవడు తాగని టొమాటో సూపుకు క్లెయిము వేయడం లేదు. వాడికి ఛార్జీ లేదు కదా, అది న్యాయం కాదు.

ఆ దుంప తిన్నది తనే కనుక వచ్చే సొమ్ము తన ఖాతాలోనే పడాలని మా ఆవిడ పక్కనుంచి అంటోంది. ఖాతా నంబరు విడిగా పంపుతాం.